వార్త కనిపిస్తే చాలదు, చదవనివ్వాలి: న్యూస్ సైట్ల డిజైన్ మీద ఒక పాత డెస్క్ మనిషి రివ్యూ

ఫలానా న్యూస్ సైట్ డిజైన్ ఎలా ఉందని అడిగితే చాలామంది హోమ్ పేజీ తెరిచి చూపిస్తారు. నేను దాన్ని చివర్లో చూస్తాను. వెతికితే దొరికిన లింకో, ఎవరో ఫార్వర్డ్ చేసిన లింకో నొక్కి సూటిగా ఒక వార్త మీదికి వచ్చి పడేవాళ్లు ఎంతమందో. వాళ్లకు ఆ ఒక్క పేజీయే పత్రిక. అక్కడ రెండో పేరా దాకా ప్రశాంతంగా చదవనిచ్చిందా లేదా అన్నది నా మొదటి పరీక్ష. హోమ్ పేజీ కళ్లు చెదిరేలా పెట్టుకుని ఇక్కడ బోల్తా పడే సైట్లు బోలెడు.

నేను పత్రిక డెస్క్‌లో చాలాకాలం పేజీలు పెట్టించినవాణ్ని. ఏది లీడ్ (ప్రధాన వార్త), ఏది బాక్స్ ఐటెం, ఏది సింగిల్ కాలమ్ అని రాత్రిళ్లు కొట్లాడుకున్న అలవాటు ఇంకా పోలేదు. దానికి తోడు ఇప్పుడు చత్వారం. అందుకే ఏ సైట్‌నైనా నాకు కుదిరే తీరులోనే చూస్తాను. లాగిన్ అవ్వను, యాడ్ బ్లాకర్ పెట్టను. మామూలు ఫోన్లో, అక్షరాల సైజు రెండు మెట్లు పెంచి, నెట్ కాస్త నీరసంగా ఉన్నప్పుడు తెరుస్తాను. పెద్ద మానిటర్ మీద, మంచి కనెక్షన్‌తో చూస్తే అన్ని సైట్లూ అందంగానే ఉంటాయి. వాటిని తయారుచేసేవాళ్లు చూసుకునేదీ అక్కడే, అదే వచ్చిన చిక్కు.

అన్నిటికంటే ముందు పేజీ కదలకుండా నిలబడాలి. పేరు చెప్పను గానీ ఒక సైట్‌లో నాకు రోజూ జరిగేది ఇదీ. హెడ్డింగ్ వస్తుంది, కింద ఇంట్రో వస్తుంది. చదవడం మొదలుపెడతాను. మూడో లైన్లో ఉండగా పైన ఫొటో దిగుతుంది, పేరా మొత్తం కిందికి జారిపోతుంది. వెతికి పట్టుకుంటాను. ఈలోగా ఫొటోకీ హెడ్డింగ్‌కీ మధ్య ఒక ప్రకటన విచ్చుకుంటుంది, మళ్లీ జారుడు. పేరా చివర ‘ఇదీ చదవండి’ అన్న లింకు నొక్కుదామని వేలు పెట్టేలోపు అక్కడికి ఇంకో ప్రకటన వచ్చి కూర్చుంటుంది. నొక్కు దాని మీద పడుతుంది. కొత్త ట్యాబ్‌లో ఎవరిదో లోన్ యాప్. వెనక్కి వస్తే పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది. ఇంతకీ నేను చదవాలనుకున్నది నాలుగు పేరాల వార్త.

ఇది నెట్ నెమ్మదిగా ఉండడం వల్ల వచ్చే బాధ అనుకుంటాం. కాదు. ఫొటో వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అన్నది పేజీ కోడ్‌లో ముందే రాసిపెడితే బ్రౌజర్ అంత ఖాళీ వదిలి మిగతాది పేర్చుకుంటుంది. ప్రకటనకూ అలాగే చోటు అట్టేపెట్టవచ్చు. డెస్క్‌లో మేం చేసిందీ అదే. సాయంత్రానికి యాడ్ డిపార్ట్‌మెంట్ నుంచి డమ్మీ వచ్చేది, ఏ పేజీలో ఎన్ని కాలమ్‌లు, ఎన్ని సెంటీమీటర్లు అని. ఆ గళ్లు పోగా మిగిలిందే మా స్థలం. ప్రకటన ఆలస్యమైనా వార్త జరిగేది కాదు. వెబ్‌లో ఈ జారుడును కొలవడానికి గూగుల్ 2020లో ఒక లెక్క తెచ్చింది, క్యుములేటివ్ లేఅవుట్ షిఫ్ట్ అని. అది 0.1 లోపు ఉంటే బాగున్నట్టు, 0.25 దాటితే బాగాలేనట్టు. అంటే కొలిచే కర్ర చేతిలో ఉంది, సరిచేసే పద్ధతీ తెలుసు. అయినా జారుతోందంటే ఎవరికీ పట్టలేదనే అర్థం.

బ్రిటన్ పత్రిక గార్డియన్‌కు ఈ విషయంలో మంచి మార్కులు వేస్తాను. వార్త మధ్యలో ప్రకటనకు గడి ముందే గీసి ఉంటుంది, అందులోకి ప్రకటన వచ్చినా రాకపోయినా నా పేరా నా కళ్ల ముందే ఉంటుంది. చందా అడిగే పసుపు పట్టీ ఒకటి కింద నుంచి లేస్తుంది. అది కాస్త పెద్దదే, కానీ మూసేస్తే మూసుకుంటుంది, పైగా డబ్బు కట్టకపోయినా వార్త చదవనిస్తారు. ఆ పట్టీని నేను క్షమించేశాను.

బరువు సంగతి చెప్పాలంటే 2018 నాటి ఒక ముచ్చట ఇప్పటికీ పనికొస్తుంది. ఆ ఏడాది మే 25న ఐరోపాలో జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. పాఠకుణ్ని వెంటాడే స్క్రిప్టులన్నిటికీ అనుమతి అడగడం ఎందుకని అమెరికా పత్రిక యూఎస్ఏ టుడే అక్కడివాళ్ల కోసం అవి తీసేసిన సైట్ ఒకటి విడిగా పెట్టింది. మామూలు పేజీ 5.2 ఎంబీ ఉంటే ఇది 500 కేబీకి దిగింది. పాఠకుడి డేటా ప్యాక్‌లోంచి పోతున్న దాంట్లో పదింట తొమ్మిది వంతులు వార్తకు సంబంధించింది కాదని ఆ సంస్థే నిరూపించినట్టయింది. అన్ని దేశాలవాళ్లకూ అదే పేజీ ఇచ్చి ఉంటే దండం పెట్టేవాణ్ని.

ఇక పేజీ మీదికి వచ్చిపడే పెట్టెలు. కుకీల అనుమతి ఒకటి, నోటిఫికేషన్లు పంపమంటారా అని ఒకటి, న్యూస్‌లెటర్ ఒకటి, యాప్ వేసుకోండి అని ఒకటి, ఇవన్నీ మూసేశాక కుడివైపు మూలన తనంతట తానే ఆడే వీడియో. కుకీల పెట్టెలో ‘ఒప్పుకుంటున్నా’ అన్న బటన్ ముదురు రంగులో మెరుస్తుంటే, వద్దనే దారి ‘మరిన్ని ఎంపికలు’ లోపల ఎక్కడో ఉంటుంది. ఇది కేవలం నా చాదస్తం కాదు. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు సరిపోయి, వద్దనడానికి అనేక నొక్కులు కావాల్సి వస్తోందని ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోల జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. ఆ వార్తను ఎన్నో న్యూస్ సైట్లు వేశాయి. అచ్చం అలాంటి పెట్టె వెనకాలే అది చదివినవాళ్లు ఎందరో!

ఈ పెట్టెలు మూసే ఇంటూ గుర్తు గురించి కూడా ఒక మాట. లేత బూడిద రంగు ఇంటూ, తెల్లటి నేల మీద, ఆవగింజంత. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ అనే సంస్థ రాసిన మార్గదర్శకాలున్నాయి, డబ్ల్యూసీఏజీ అంటారు. 2023 అక్టోబర్‌లో వచ్చిన 2.2 వెర్షన్ ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి, లేదా చుట్టూ అంత ఖాళీ అయినా ఉండాలి. అదేమీ పెద్ద కోరిక కాదు, ఆపిల్ తన యాప్‌లకు చెప్పేది 44 పాయింట్లు. మూసే గుర్తు మాత్రమే అంత చిన్నగా ఉండి, పక్కన ‘కొనండి’ బటన్ బొటనవేలంత ఉందంటే అది పొరపాటున జరిగింది కాదు.

అక్షరాల దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్ సైట్లలో న్యూయార్క్ టైమ్స్ నాకు ఇష్టం. హెడ్డింగులకు చెల్టెన్‌హామ్, లోపలి మేటర్‌కు ఇంపీరియల్ అనే ఫాంట్లు. రెండూ అచ్చు పత్రిక నుంచి వచ్చినవే, తెర మీదికి వచ్చినా ఆ ముఖం మారలేదు. లోగో తీసేసి చూపించినా ఏ పత్రికో చెప్పేయవచ్చు. ఫైనాన్షియల్ టైమ్స్‌ది ఇంకో దారి. 1893లో కాగితానికి పెట్టిన ఆ లేత గులాబీ రంగునే సైట్‌కూ తెచ్చుకుంది, దాని మీద నల్లటి అక్షరం హాయిగా ఆనుతుంది. బీబీసీ 2017లో రీత్ అనే సొంత ఫాంట్ తెచ్చుకుంది, చిన్న తెర మీద కూడా స్పష్టంగా కనిపించాలన్న ఉద్దేశంతో. దాంట్లో నాకు పెద్ద సొగసు కనిపించదు గానీ, అద్దాలు మర్చిపోయిన రోజు కూడా చదవగలిగాను. అంతకంటే ఏం కావాలి.

లేత బూడిద అక్షరాల మోజు మాత్రం ఎప్పటికి పోతుందో తెలియదు. డబ్ల్యూసీఏజీ మామూలు అక్షరానికి, దాని నేలకు మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, ఉండాలంటుంది. మేటర్ వరకు చాలా సైట్లు పాటిస్తాయి. తేదీ, బైలైన్ (రాసినవాళ్ల పేరు), ఫొటో క్యాప్షన్ దగ్గరికి వచ్చేసరికి రంగు వెలిసిపోతుంది. వార్త నిజమా కాదా తేల్చుకోవడానికి నేను మొదట చూసేవి ఆ మూడే.

తెలుగులో చదివేటప్పుడు బాధలు వేరు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ఇంగ్లిష్ కోసం కొలిచిన లైన్ ఎత్తునే తెలుగుకూ పెడితే పై లైను వత్తు కింది లైను గుడితో గుద్దుకుంటుంది. అక్షరం సైజుకు 1.2 రెట్లు ఇంగ్లిష్ హెడ్డింగ్‌కు ముచ్చటగా ఉంటుంది. తెలుగుకు 1.5 అయినా లేకపోతే నాకు ఊపిరాడదు. హెడ్డింగ్ పెట్టె ఎత్తు బిగించేస్తే చివరి లైన్లో వత్తులు సగానికి తెగుతాయి. ‘రాష్ట్రం’లో ష కింద ఏముందో ఊహించుకోవాలి. ఫాంట్‌లో బోల్డ్ లేకపోతే బ్రౌజరే అక్షరాన్ని లావు చేస్తుంది, అప్పుడు ‘ఘ’, ‘ఋ’ లోపలి ఖాళీలు పూడుకుపోయి మచ్చల్లా కనిపిస్తాయి. కొందరు క్యాప్షన్లను ఇటాలిక్ చేస్తారు, ఆ పేరుతో బ్రౌజర్ తెలుగును పక్కకు వంచేస్తుంది. గాలికి ఒరిగిన వరిలా ఉంటుంది.

రెండు వైపులా అంచులు సమానంగా తెచ్చే జస్టిఫై ఇంకో జబ్బు. అచ్చులో మేం అలాగే చేసేవాళ్లం, కానీ అక్కడ మాట విరవడానికి మనిషి ఉండేవాడు. ఫోన్ వెడల్పులో ‘విశ్వవిద్యాలయాధికారులు’ లాంటి మాట ఒకటి వచ్చిందంటే పై లైన్లో రెండే మాటలు మిగిలి, వాటి మధ్య కాలువంత ఖాళీ. ఎడమ అంచు సరిపెట్టి కుడివైపు వదిలేస్తే సరిపోయేదానికి ఇంత అవస్థ.

అన్నిటికంటే ప్రమాదకరమైంది హెడ్డింగ్‌ను రెండు లైన్లకు కోసి చుక్కలు పెట్టడం. ఇంగ్లిష్‌లో క్రియ ముందే వస్తుంది కాబట్టి తోక కోసినా తల మిగులుతుంది. మన క్రియ చివర్లో ఉంటుంది. ‘సమ్మె విరమణకు కార్మిక సంఘాలు అంగీకరిం...’ అని ఆపేస్తే అంగీకరించాయా, అంగీకరించలేదా? డెస్క్‌లో ఇలాంటి హెడ్డింగ్ వదిలితే న్యూస్ ఎడిటర్ పేజీ చింపి మొహాన కొట్టేవాడు. ఇక్కడ టెంప్లేట్ కోస్తుంది కాబట్టి ఎవరి మీదా పడదు. నొక్కితే గానీ తెలియకూడదనే ఇలా వదిలేస్తున్నారా అని అనుమానం కూడా వస్తుంటుంది.

తెలుగు అమరికలో నాకు తృప్తినిచ్చింది బీబీసీ తెలుగు. 2017 అక్టోబర్‌లో మొదలైంది. బీబీసీ వరల్డ్ సర్వీస్ భాషల సైట్లు నడిపే సిముర్గ్ అనే సాఫ్ట్‌వేర్ ఎవరైనా చూసుకునేలా బయటే ఉంది. అక్షరాల సైజులు, లైన్ ఎత్తులు లిపిని బట్టి మారేలా అందులో ఏర్పాటు ఉంది. ఫలితం చదువుతుంటేనే తెలుస్తుంది. వత్తులకు చోటుంది, పేరాలు పొట్టిగా ఉంటాయి, ఎడమ అంచు నిటారుగా ఉంటుంది. చూడడానికి కాస్త చప్పగా ఉందని మా పాత సహోద్యోగి ఒకాయన అంటాడు. నిజమే. వార్తకు ఆ చప్పదనం మంచిదేనని నేనంటాను.

తేదీ, టైమ్ విషయంలో నేను ఎవరినీ వదలను. ‘2 గంటల క్రితం’ అని రాయడం ఫ్యాషన్ అయింది. పేజీ తెరిచినవాడికి సరే. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపితే? వారం తర్వాత చూసినవాడికి కూడా అది రెండు గంటల కిందటి వార్తే. గంట, తేదీ, ఏ దేశపు టైమో పూర్తిగా రాయడానికి పట్టేది అర లైను. ఇంకో వేషం ‘అప్‌డేటెడ్’. కామా సరిచేసినా ఆ టైమ్ మారిపోతుంది, మొదట ఎప్పుడు వచ్చిందో మాయమవుతుంది. ఏం మార్చారో ఒక ముక్క రాసి, రెండు టైమ్‌లూ పక్కపక్కన చూపించాలి.

పాత వార్తలను కొత్తవాటిలా పంచుకునే జబ్బుకు గార్డియన్ మంచి మందు కనిపెట్టింది. వార్త పాతబడితే పైన పసుపు గడిలో అది ఎంత పాతదో చూపిస్తుంది. 2019లో దాన్ని మరింత కొట్టొచ్చేలా చేశారు, సోషల్ మీడియాలో లింకుతో వెళ్లే బొమ్మ మీద కూడా ఏ సంవత్సరందో పడేలా పెట్టారు. వార్త తెరవకుండానే ఫార్వర్డ్ చేసేవాడికి కూడా అది కనిపిస్తుంది. న్యూస్ సైట్ డిజైన్‌లో ఇటీవలి కాలంలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇది. మెరుపులేం లేవు, ఒక రంగు గడి, ఒక అంకె. మిగతావాళ్లు దీన్ని ఎందుకు కాపీ కొట్టరో అర్థం కాదు, మిగతావన్నీ కొడతారుగా.

డార్క్ మోడ్ ఉంటే మంచిదే, లేకపోయినా ఫోన్‌లో వార్త మేటర్ ఒక్కటే చూపించే రీడర్ వ్యూ ఉంది. సైట్ లోపలి సెర్చ్ ఎక్కడ చూసినా అంతంత మాత్రమే, బయట వెతుక్కోవడమే నయం. డబ్బు కట్టి చదివే సైట్లను ఒకటే అడుగుతాను: తాళం గుర్తు హెడ్డింగ్ పక్కనే పెట్టండి. రెండు పేరాలు చదివించి మూడోదాన్ని మంచులో కలిపేయకండి.

ఇప్పుడు హోమ్ పేజీ. డెస్క్ మనిషిగా నేను వెతికేది అంతస్తు. ఇవాళ అన్నిటికంటే పెద్ద వార్త ఏదో దూరం నుంచి చూసినా తెలియాలి. ఆ తర్వాతది ఏదో, చిల్లర ఏదో తెలియాలి. చాలా సైట్లు కార్డుల పద్ధతికి మారాక ఇది పోయింది. ఒకే సైజు ఫొటో, కింద ఒకే సైజు హెడ్డింగ్, వరసగా పేర్చిన కార్డులు. వరదల్లో ఊళ్లు మునిగిన వార్తకూ, నటుడి కొత్త కారుకూ ఒకే గది. ఎడిటర్ అక్కడ లేడని తెలిసిపోతుంది. న్యూయార్క్ టైమ్స్ ఇంకా హెడ్డింగ్ సైజుతోనే మాట్లాడుతుంది. గార్డియన్ 2018 జనవరిలో సైట్‌నూ పత్రికనూ కలిపి మార్చినప్పుడు వార్తలకు ఎరుపు, అభిప్రాయాలకు నారింజ, ఆటలకు నీలం అని రంగులు పంచింది. అభిప్రాయాన్ని వార్త అనుకుని చదివే ప్రమాదం దాంతో కొంత తగ్గింది. ఇక డ్రడ్జ్ రిపోర్ట్ అనే అమెరికా వార్తల లింకుల సైట్ ఉంది, 1990ల్లో ఎలా ఉందో దాదాపు అలాగే. మూడు కాలమ్‌లు, టైప్ మిషన్ అక్షరాలు, పైన ఒక భారీ హెడ్డింగ్. దాని రాజకీయాలు, వార్తల ఎంపిక నాకు నప్పవు గానీ, అందులో ఏది లీడో ఎవరినీ అడగక్కర్లేదు.

వేగం కావాలంటే సీఎన్ఎన్ లైట్ ఉంది. 2017లో ఇర్మా తుపాను సమయంలో, నెట్ సరిగా అందనివాళ్ల కోసం పెట్టిన అక్షరాలు మాత్రమే ఉండే సైట్ ఇది. అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్‌కూ అలాంటిది ఉంది. నొక్కగానే తెరుచుకుంటాయి, ఏదీ జారదు, ఏ పెట్టే లేవదు. కాకపోతే హెడ్డింగులన్నీ ఒకే సైజులో జాబితాలా వస్తాయి, అంతస్తు మళ్లీ గల్లంతు. మొదటి మూడింటిని కాస్త పెద్ద అక్షరాల్లో పెడితే బరువు ఒక్క కేబీ కూడా పెరగదు.

నా వాడకం చివరికి ఇలా స్థిరపడింది. నెట్ బాగాలేనప్పుడు లైట్ సైట్లు, తెలుగులో బీబీసీ, తీరిగ్గా చదవడానికి గార్డియన్. న్యూయార్క్ టైమ్స్‌లో మాత్రం హోమ్ పేజీ కంటే ‘టుడేస్ పేపర్’ అన్న విభాగానికే ఎక్కువ వెళ్తుంటాను. ఆ రోజు అచ్చు పత్రికలో వచ్చిన వార్తలన్నీ మొదటి పేజీ నుంచి విభాగాలవారీగా అక్కడ ఉంటాయి. లోపలి వార్తలు తెరవాలంటే చందా కావాలి, కానీ హెడ్డింగులు చూసినా రోజు మొత్తం అర్థమవుతుంది. కిందికి వెళ్తే జాబితా అయిపోతుంది, స్క్రోల్ చేసేకొద్దీ కొత్తవి పుట్టుకు రావు. ఏ సైట్‌వాళ్లయినా ఈ ఒక్క పేజీ పెట్టి, మెనూలో నాలుగు పొరల కింద దాచకుండా పైనే లింకు ఇస్తే, వాళ్ల కార్డుల జోలికి నేను పోను.